లోకల్ వాళ్ళకు రూములు లేవు

దసరా సెలవుల్లో కర్నూలు నుంచి బాసర దాకా సైకిల్ మీద వెళ్ళాలనుకున్నాను. నేను పనిచేసే ప్రైవేటు స్కూల్లో తోటి టీచర్లకు ఈ మాట చెబితే ముందు నవ్వారు, తర్వాత ఒక్కదానివేనా అని అడిగారు. ఒక్కదాన్నే అన్నాను. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. యాభైకి దగ్గర పడుతున్న ఆడమనిషి సైకిలెక్కి జిల్లాలు దాటి పోతానంటే, అందులో ఏదో చెప్పుకోలేని బాధ ఉండే ఉంటుందని అందరూ అనుకుంటారు. నిజానికి నాకు సైకిల్ తొక్కడం ఇష్టం, అంతే. కర్నూలుకు వచ్చాక, తెల్లవారకముందే లేచి చేసే పనేమీ లేక మొదలుపెట్టాను. తుంగభద్ర వంతెన దాకా వెళ్ళి వచ్చేదాన్ని. తర్వాత ఇంకాస్త దూరం, ఇంకాస్త దూరం.

పగలు తొక్కడం కష్టం కాదు. సాయంత్రం ఎక్కడ దిగాలన్నదే కష్టం. నా జీతానికి పెద్ద హోటళ్ళు కుదరవు. మరీ చవకైన వాటికి వెళ్ళడానికి ధైర్యం చాలదు. ఈ రెంటికీ మధ్య ఉండే లాడ్జీని పట్టుకోవడం కొంచెం కొంచెంగా నేర్చుకున్నాను. బస్టాండు పక్కన ఉన్నది మంచిది. రాత్రంతా హారన్లు మోగుతాయి గానీ ఆ మోతే మనకు కాపలా. కింద టిఫిన్ హోటల్ ఉంటే ఇంకా మంచిది, మనుషులు తిరుగుతుంటారు. గదిలోకి వెళ్ళగానే మంచం చూడను, బాత్రూం చూస్తాను. తర్వాత తలుపు గడియ పట్టుకుని ఊపుతాను. వరండా వైపు కిటికీ ఉంటే అది లోపలినుంచి పడుతుందో లేదో చూస్తాను. దుప్పటి నాదే తెచ్చుకుంటాను. అన్నిటికంటే ముఖ్యం సైకిల్. మెట్ల కింద పెట్టండి మేడం, ఎవరూ ముట్టరు అంటారు. నాకు నమ్మకం కుదరదు. దాన్ని గదిలోకే తెచ్చుకుంటానని బతిమాలతాను.

మొదటి రాత్రి కొత్తకోటలో ఆగాను. రెండో రాత్రి జడ్చర్లలో. జడ్చర్ల లాడ్జీ ఆయన నేను సైకిల్ భుజానికెత్తుకుని మెట్లెక్కుతుంటే చూసి, "సైకిల్ సుత మీతోనే పండుకుంటదా మేడం?" అన్నాడు. అవునన్నాను. "మంచిగనే ఉన్నది దాని పని," అని తాళంచెవి ఇచ్చాడు. ఆ రెండు రోజుల్లో నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి ఆయనొక్కడే.

మూడో రోజు సికింద్రాబాద్‌లో ఆగాలి. రింగురోడ్డు పట్టుకుని ఊరికి ఎడంగా వెళ్ళిపోవచ్చు. అది చుట్టు తిరుగుడని, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర చవక లాడ్జీలు లెక్కలేనన్ని ఉంటాయని, పొద్దున్నే లేచి మేడ్చల్ రోడ్డెక్కడం సులువని నాకు నేను చెప్పుకున్నాను. శంషాబాద్ దాటి, అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్‌లో పడి, ట్యాంక్‌బండ్ మీదికి వచ్చేసరికి ఎండ పల్చబడింది. రాణిగంజ్ దగ్గర బస్సుల మధ్య దిగి సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళాను.

ఆ ఊళ్ళో నేను దాదాపు ఇరవై ఏళ్ళు కాపురమున్నాను. అయినా స్టేషన్ ఎదురు వీధిలోకి వెళ్ళి తలెత్తి చూస్తే, ఒక్క లాడ్జీ పేరు కూడా ఇంతకుముందు చదివినట్టు అనిపించలేదు. మనకు ఇల్లున్న ఊళ్ళో లాడ్జీలు కంటికి ఆనవు.

మొదట ఎక్కిన లాడ్జీ నేను అనుకున్నట్టే ఉంది. కింద ఇడ్లీల హోటల్, మొదటి అంతస్తులో కౌంటర్, పక్కన దేవుడి పటానికి తాజా బంతిపూల దండ. మేనేజరుకు అరవై ఉంటాయి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నా ఆధార్ కార్డు దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"బన్సీలాల్‌పేట్," అన్నాడు. "ఇది లోకల్ ఆధార్ గద మేడం."

"అవునండి. కానీ నేనిప్పుడు కర్నూల్లో ఉంటున్నాను."

"లోకల్ వాళ్ళకు రూములియ్యం మేడం. ఓనర్ ఆర్డర్. పోలీసోల్లు వచ్చి పరేషాన్ చేస్తరు."

"ఒక్క రాత్రేనండి. పొద్దున్నే వెళ్ళిపోతాను. కింద సైకిల్ ఉంది, చూడండి."

ఆయన సైకిల్ చూడలేదు. కార్డు నా వైపు జరిపాడు. "గిట్ల పోయి గట్ల తిరిగితే మీ ఇల్లే గద. ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా?"

ఎగతాళిగా అడగలేదు. చిన్న గొంతుతో, పక్కన ఇంకెవరూ వినకుండా అడిగాడు.

"లేదండి," అన్నాను.

"మరి ఇంటికి పోండ్రి మేడం. పొద్దుగూకుతున్నది."

కార్డు తీసుకుని కిందికి దిగాను.

ఆ చిరునామా మార్చుకోకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. ఆ ఇల్లు నా భర్తది. వాళ్ళ తాతల నాటినుంచీ బన్సీలాల్‌పేట్‌లోనే ఉన్నారు. ఆయన ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నారు. మాకు పిల్లల్లేరు. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఇంట్లో మాటలకు లోటుండేది కాదు. ఆవిడ నాతో ఆయన గురించి, ఆయనతో నా గురించి చెబుతుండేది. మా ఇద్దరి మధ్య మాటలు ఆవిడ మీదుగానే నడిచేవని ఆవిడ పోయాక తెలిసింది. కొట్లాటలు లేవు. చెయ్యి చేసుకోవడాలు లేవు. అన్నం వడ్డించేదాన్ని, తినేవారు. టీవీ పెట్టేవారు, చూసేదాన్ని. కర్నూల్లో మా చిన్నమ్మకు ఆపరేషనైతే తోడుండడానికి వెళ్ళాను. ఆవిడ కోలుకుంది. అక్కడే ఒక స్కూల్లో సోషల్ టీచరు కావాలన్నారు. ఈ ఒక్క ఏడాదికి అనుకుని చేరాను. రమ్మని ఆయన అనలేదు. వస్తానని నేను అనలేదు. విడిపోదాం అన్న మాట ఇద్దరిలో ఎవరి నోటా రాకుండానే విడిపోయాం. అడిగినవాళ్ళకు ఏం చెప్పాలో ఇద్దరికీ తెలియదు గనక, ఎవరూ అడగని చోట్లకే వెళ్తూ వచ్చాం.

రెండో లాడ్జీలో కౌంటర్ దగ్గర కుర్రవాడిలాంటి మనిషి ఉన్నాడు. కార్డు చూడకముందే, "ఎంతమంది?" అన్నాడు.

"ఒక్కదాన్నే."

"సింగిల్ లేడీస్‌కు ఇయ్యం మేడం."

"ఎందుకని?"

అతను ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "ఒక్కరొస్తె మాకు భయం మేడం. మగోల్లకు సుత ఇయ్యం. మల్ల పొద్దుగాల తలుపు తియ్యకుంటె, ఎవరు జవాబు చెప్పాలె?"

అతను దేని గురించి అంటున్నాడో అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. చావబోయే మనిషి స్పేర్ ట్యూబు, గాలి కొట్టే పంపు వెంటబెట్టుకుని తిరగదని చెప్పాలనిపించింది. చెప్పలేదు. నా మొహంలో అలాంటిదేమైనా కనబడుతోందేమోనని, కిందికి వచ్చాక సైకిల్‌కున్న చిన్న అద్దంలో చూసుకున్నాను. దుమ్ము తప్ప ఇంకేం లేదు.

ఫోన్లో వెతికి బేగంపేటలో ఒక గది బుక్ చేశాను. నేను మామూలుగా దిగే చోట్లకంటే ఖరీదైనదే. పోనీలే ఒక్క రాత్రికి అనుకున్నాను. అటు బయలుదేరేలోపే హోటల్ నుంచి ఫోన్ వచ్చింది. చాలా మర్యాదగా, ఐడీ ఏ ఊరిది మేడం అని అడిగారు. చెప్పాను. అదే మర్యాదతో క్యాన్సిల్ చేసుకోమన్నారు. స్టేషన్లో రైల్వే వాళ్ళ గదులు ఉంటాయని గుర్తొచ్చి అక్కడికి వెళ్ళాను. టికెట్ ఉండాలన్నారు. స్టేషన్ కొత్తగా కడుతున్నారు. ఎక్కడ చూసినా రేకుల గోడలు, క్రేన్లు. నాకు తెలిసిన గేటు కనబడలేదు. సైకిల్‌ను ఒక రేకుకు ఆనించి నిలబడ్డాను. జనం సూట్‌కేసులు లాక్కుంటూ నా చుట్టూ తిరిగి వెళ్ళిపోతున్నారు. వాళ్ళలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక ఊరి టికెట్ ఉంది. ఈ ఊరి మనిషిని కావడంవల్ల, ఈ ఊళ్ళో తల దాచుకోవడానికి నాకొక్కదానికే చోటు లేకుండా పోయింది.

మోండా మార్కెట్ వైపు నడిచాను. ఏం కొందామని కాదు. ఆ పక్క సందుల్లో పాతకాలపు సత్రమేదైనా ఉందేమోనని. సాయంత్రం బేరాలు జోరుగా ఉన్నాయి. సైకిల్‌తో ఆ ఇరుకులోకి వెళ్ళకూడదని తెలిసినా వెళ్ళాను. ఆకుకూరల వరస దగ్గర ఎవరో, "అమ్మా, ఓ అమ్మా," అని పిలిచారు. అక్కడ కూరగాయలమ్మే ఆవిడ. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు ఈవిడ దగ్గరికే తీసుకొచ్చి, ఎవరి దగ్గర కొన్నా కొనకపోయినా బెండకాయలు మాత్రం ఈమె దగ్గరే కొనమని చెప్పింది. జుట్టు మొత్తం తెల్లబడింది. కాలు చాపుకుని గోనెసంచి మీద కూర్చుని ఉంది.

"శానా దినాలాయె కనబడక," అంది. "ఏందిది, సైకిలా? నువ్వే తొక్కుతున్నవా?"

"నేనే. ఆరోగ్యానికి మంచిదని."

"మంచిగనే ఉన్నవ్ గని, జెర నల్లవడ్డవ్." నీళ్ళు చిలకరిస్తూ మాట్లాడుతోంది. "సారు మొన్న సుత వచ్చిండు. ఆయినే వస్తున్నడు గద ఇప్పుడు. ఏది కొన్న పావుకిలోనే కొంటడు. పావుకిలోతోని ఇద్దరికి ఎట్ల ఎల్తదమ్మా? నువ్వన్న చెప్పరాదు."

"చెబుతాను," అన్నాను.

ఆవిడ ఒక కొత్తిమీర కట్ట తీసి నా సైకిల్ బ్యాగులో దోపబోయింది. వద్దన్నాను. ఎందుకు వద్దంటున్నానో చెప్పలేక మళ్ళీ తీసుకున్నాను. తర్వాత, మా స్నేహితురాలొకామె ఊరినుంచి వచ్చింది, ఒక్క రాత్రి ఉండడానికి ఆడవాళ్ళకు పనికొచ్చే చోటేదైనా ఈ చుట్టుపక్కల ఉందా అని అడిగాను.

"మీ ఇంట్లనే పండుకోవెట్టుకోరాదు?" అంది మొదట. నేను సైకిల్ హ్యాండిల్ సరిచేసుకుంటుంటే నా మొహంకేసి చూసింది. ఇంకేం అడగలేదు. "ఆ పాలదుకాణం సందుల లేడీస్ హాస్టల్ ఉన్నది. ఆంధ్రామె నడిపిస్తది. మా చెల్లె బిడ్డ ఆడ్నే ఉండి చదువుకున్నది. నేను పంపిచ్చిన అని చెప్పు."

హాస్టల్ మూడంతస్తుల ఇల్లు. గేటు లోపల చెప్పుల గుట్ట, పక్కన నీళ్ళ క్యాన్లు. నడిపే ఆవిడ భీమవరం వైపు మనిషని మాటతీరులోనే తెలిసిపోయింది. నా వయసే ఉంటుంది. ముందు గదిలో కూర్చుని రేపటికి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను చెప్పిందంతా విన్నది.

"ఒక్క రాత్రికి మేమివ్వమండి. నెలకే. అయినా మంచం ఖాళీ ఉండాలి కదా," అంది. మళ్ళీ నా చెమటపట్టిన బట్టలు చూసి, "కూర్చోండి, మంచినీళ్ళు తాగండి," అంది.

నేను నీళ్ళు తాగుతుంటే ఆలోచించింది. పై గదిలో ఉండే నర్సుకు ఈ వారం నైట్ డ్యూటీ. సాయంత్రం వెళ్తే మళ్ళీ పొద్దున్నే వస్తుంది. రాత్రి ఆమె మంచం ఖాళీగానే ఉంటుంది. అప్పటికప్పుడే ఆమెకు ఫోన్ చేసి అడిగింది. ఆ పిల్ల సరేనన్నట్టుంది.

"ఆ అమ్మాయికి అభ్యంతరం లేదంటోందండి. కానీ మాకొక రూలుంది. లోకల్‌గా మీకు తెలిసినవాళ్ళెవరైనా ఒకళ్ళు నాతో ఫోన్లో మాట్లాడాలి. ఆడపిల్లలుండే చోటు కదండీ. మీరేం అనుకోకండి."

అనుకోవడానికేమీ లేదు. లోకల్‌గా తెలిసినవాళ్ళ కోసం ఫోన్ తీశాను. పేర్లు ఒక్కొక్కటే కిందికి జరుపుతూ పోయాను. పక్కింటివాళ్ళు అల్వాల్ వెళ్ళిపోయారు, నంబరు లేదు. పై వాటాలో ఉండే ఆవిడకు చేస్తే ఆ నంబరు మనుగడలో లేదన్నారు. బట్టలు కుట్టే ఆమె, పాలు పోసే ఆయన, గ్యాస్ ఏజెన్సీ. ఇరవై ఏళ్ళలో ఆ ఊళ్ళో నేను సంపాదించుకున్న మనుషులు ఇంతేనా అనిపించింది. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, నన్ను చూడనట్టు చూస్తోంది. చివరికి మిగిలింది ఒక్క నంబరే. అది ఫోన్లో వెతుక్కోనక్కర్లేదు.

చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకుంటుండగా ఎత్తారు.

"ఊఁ. చెప్పు," అన్నారు. నిన్న కూడా మాట్లాడినట్టే అన్నారు.

"సికింద్రాబాద్‌లో ఉన్నాను. దారిలో ఒక రాత్రికి ఆగాను. మోండా పక్కన పాలదుకాణం సందులో ఒక హాస్టల్లో ఉండడానికి, తెలిసినవాళ్ళతో మాట్లాడాలంటున్నారు. ఒక్క మాట చెప్తారా?"

"ఇయ్యి," అన్నారు.

ఫోన్ ఆవిడకిచ్చాను. తడిచేతుల వల్ల కాబోలు, స్పీకర్ పెట్టి బల్లమీద ఉంచింది.

"నమస్తే అండి. ఈ మేడంగారు మీకు తెలిసినవారేనా అండి?"

"తెలుసు."

"మీరు ఈవిడకి ఏమవుతారండి?"

వెనకాల కుక్కర్ కూత వినిపించింది. అది ఆగేదాకా ఆగారు.

"మా ఇంటామె," అన్నారు.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూసింది. "అయ్యో, ఇల్లు ఇక్కడే ఉంటే మరి హాస్టలెందుకండీ?"

"ఆమెకు పొద్దుగాల్ల లేసి దూరం పోయేదున్నది. అక్కడ్నే మంచిగుంటది. జెర చూస్కోండి. సైకిల్ పెట్టనీకి లోపట జాగ ఉన్నదా? మోండా దగ్గర బయట పెడితె ఉండది."

"ఉందండి. లోపల పెట్టిస్తాను."

"మంచిది."

ఆవిడ ఫోన్ నాకు తిరిగి ఇచ్చింది. స్పీకర్ తీసేసి చెవి దగ్గర పెట్టుకున్నాను. తిన్నవా అని అడిగారు. ఇక్కడే తింటానన్నాను. సరే అన్నారు. సైకిల్ గురించి మీకెలా తెలుసని అడగాలనుకునేలోపే పెట్టేశారు.

ఆవిడ ఆ తర్వాత నన్నొక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అందుకు ఇవాళ్టికీ ఆవిడకు రుణపడి ఉన్నాను. పైకి తీసుకెళ్ళి మంచం చూపించింది. నాలుగు ఇనప మంచాలు, నాలుగు చిన్న అలమరలు. నర్సు పిల్ల మంచం గోడ పక్కన ఉంది. దిండు పక్కన ఒక దువ్వెన, తలనూనె సీసా, ఎవరో చిన్న పాప ఫొటో. అవి కదిలించకుండా నా దుప్పటి పరుచుకున్నాను. గదిలో ఇంకో ఇద్దరమ్మాయిలున్నారు. ఒకామె బ్యాంకు పరీక్షకు చదువుతోంది. ఇంకొకామె చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది. ఇద్దరూ హాయ్ ఆంటీ అన్నారు, మళ్ళీ వాళ్ళ పనిలో పడ్డారు. కింద భోజనానికి వెళ్ళాం. సొరకాయ కూర, పల్చటి సాంబారు. స్టీలు కంచాల చప్పుడే గానీ మాటలు లేవు. కొత్తిమీర కట్ట వంటామెకిచ్చేశాను.

మంచం మీద పడుకుని ఫోన్ చూశాను. దారి పొడుగునా సైకిల్ ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెడుతూ వచ్చాను. బీచుపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన, కొత్తకోట బస్టాండు, జడ్చర్ల గదిలో గోడకు ఆనించిన సైకిల్, ఇవాళ పొద్దున శంషాబాద్ రోడ్డు. ఎవరు చూశారన్నది నేనెప్పుడూ చూడను. ఆ రోజు చూశాను. ఇంకా మిగిలి ఉన్న ప్రతి ఫొటో కింద ఆయన పేరుంది. తోటి టీచర్ల పేర్లకంటే కింద ఉంది, అంటే అందరికంటే ముందు చూశారన్నమాట. వెనక్కి వెళ్ళి చూడాలనుకున్నాను గానీ, ఒక రోజు దాటితే స్టేటస్‌లు ఉండవు కదా.

ఆ ఇంటినుంచి ఇంత దగ్గరగా, ఆ ఇంట్లో కాకుండా నేనెప్పుడూ పడుకోలేదు. కర్నూల్లో ఒంటరిగా ఉండడం నాకు అలవాటే. అక్కడ అది దూరంలో కలిసిపోతుంది. ఇక్కడ ఆ ఇంటి కుక్కర్ కూత ఇంకా చెవిలో ఉండగా, ఎవరిదో తలనూనె వాసన వేసే మంచం మీద పడుకుంటే, కలిసిపోవడానికి దూరమే లేదు. ఏడవలేదు. పక్క మంచాల వాళ్ళకు వినబడుతుందని కాబోలు.

పొద్దున నేను సామాను సర్దుకుంటుండగా నర్సు పిల్ల వచ్చింది. ఇంకా యూనిఫాంలోనే ఉంది, కళ్ళు వాలిపోతున్నాయి. థాంక్సమ్మా అన్నాను. "నిద్ర పట్టిందా మేడం? ఫ్యాన్ సప్పుడైతది," అంది. పట్టిందన్నాను. నా దుప్పటి తీసీ తియ్యగానే చెప్పులు విడిచి, నేను లేచిన చోటే ఒత్తిగిలి పడుకుని కళ్ళు మూసుకుంది. ఫొటో నిటారుగా పెట్టి కిందికి దిగాను.

సైకిల్ బయటికి తీసి గేటు మూస్తుంటే, సందు అవతల ఆయన నిలబడి ఉన్నారు. చేతిలో కూరగాయల సంచి. చిక్కిపోయారు. గడ్డం తెల్లగా పెరిగింది. ఎప్పటినుంచి నిలబడ్డారో తెలియదు.

"మార్కెట్‌కు వచ్చిన," అన్నారు. మార్కెట్‌కు దారి ఆ సందులోంచి కాదు. ఇద్దరికీ తెలుసు.

మూలమీది టీ బండి దగ్గరికి నడిచాం. టీ తాగుతూ సైకిల్‌ను చుట్టూ తిరిగి చూశారు. గేర్లు ముట్టుకున్నారు.

"మోకాళ్ళు నొస్తలేవా?"

"కొంచెం. సాయంత్రానికి పోతుంది."

"ఎక్కడ పండుకుంటున్నవ్ రోజు?"

"ఏ ఊరొస్తే ఆ ఊళ్ళో. లాడ్జీల్లో. ఇక్కడే ఎవరూ ఇవ్వలేదు. ఆధార్‌లో బన్సీలాల్‌పేట్ ఉందని."

ఆయన కప్పులోకి చూశారు. "నిన్న ఫోన్ల ఇంటికి రమ్మందామనుకున్న," అన్నారు. "మల్ల నువ్వే హాస్టల్ అంటివి గద. అన్లే."

"అవును. అన్లేదు మీరు," అన్నాను.

తప్పు పడుతున్నట్టు కాదు. జరిగింది అదే గనక అన్నాను. ఆయన కూడా అలాగే తీసుకున్నట్టుంది. కాసేపు ఇద్దరం రోడ్డు కేసి చూస్తూ తాగాం. ఎదురింటి పెద్దాయన పోయిన సంగతి చెప్పారు. నల్లా నీళ్ళు ఇప్పుడు పొద్దున్నే వస్తున్నాయని చెప్పారు. అన్నం ఎవరు వండుతున్నారని అడిగాను. నేనే, ఒక్కనికి ఎంత కావాలె అన్నారు.

"మన మెట్లబాయి మొత్తం మంచిగ చేసిండ్రు, ఎరుకేనా?" అన్నారు ఉన్నట్టుండి. నేనున్న రోజుల్లో అది మట్టీ చెత్తా నిండి, అక్కడ బావి ఉందని కూడా తెలిసేది కాదు. "నీళ్ళు ఎట్లున్నయంటే, అడుగు కనబడ్తది. లైట్లు పెట్టిండ్రు. పొద్దుమీకి పోయి కూసుంటున్న. మస్తు మంది వస్తరు చూడనీకి." ఖాళీ కప్పు డబ్బాలో వేశారు. "చూస్తవా? ఊకె, పోయి వద్దాం."

బావి ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఉంది. అక్కడిదాకా వెళ్ళాక ఏమవుతుందో నాకు తెలియదు. ఆయనకు తెలుసని కూడా అనుకోను. సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాను. రామాయంపేట చేరాలి. మేడ్చల్ దాటేదాకా లారీలు ఎక్కువ.

"ఎండెక్కుతుందేమో," అన్నాను.

"అవ్. ఎండెక్కుతది," అన్నారు వెంటనే.

టీ ఆయనే ఇప్పించారు. సంచీలోంచి రెండు జామకాయలు తీసి నా బ్యాగులో పెట్టారు. పైలం అని, నేను సైకిలెక్కేదాకా నిలబడ్డారు. బోయిన్‌పల్లి దాకా ఎలా తొక్కానో గుర్తులేదు. రోడ్డు మాత్రం ఖాళీగా ఉన్నట్టు గుర్తు. ఆ వేళప్పుడు అక్కడ రోడ్డు ఖాళీగా ఉండదని కూడా తెలుసు.

రామాయంపేటలో ఎరువుల దుకాణం పైన ఒక గది దొరికింది. అడిగినవాళ్ళెవరూ లేరు. కార్డు ఫొటో తీసుకుని తాళంచెవి ఇచ్చారు. గదిలో ఎరువు వాసన, గోడకు కరెంటు వైర్లు. బట్టలు ఉతికి తాడుమీద వేస్తుంటే ఫోన్ మోగినట్టై చూశాను. చేరినవా, అని ఆయన దగ్గర్నుంచి మెసేజీ. చేరాను, రూం బాగుంది, అని రాశాను. కామారెడ్డిలో మళ్ళీ వచ్చింది. నిజామాబాద్‌లో వచ్చింది. బాసరలో, గోదావరి ఒడ్డున ఇంకా సైకిల్ దిగకముందే వచ్చింది. ప్రతిసారీ అదే ఒక్క మాట. నేనూ అదే జవాబు, గది ఎలా ఉన్నా సరే.

బాసర నుంచి రైల్లో వెనక్కి వచ్చాను, సైకిల్ లగేజీ పెట్టెలో వేసి. కర్నూలు ఇంటి తాళం తీస్తుంటే ఆఖరి మెసేజీ వచ్చింది. చేరాను అన్నాను. ఆ తర్వాత రాలేదు. నిజమే, ఇంట్లో ఉన్న మనిషిని చేరావా అని ఎవరూ అడగరు కదా. స్కూలు తెరిచారు. పరీక్షలు, పేపర్లు, మళ్ళీ తెల్లవారుజామున వంతెన దాకా వెళ్ళి రావడం. మధ్యలో ఒకసారి మెట్లబావి ఎలా ఉందని రాయబోయి, రాసింది చెరిపేశాను. ఒక ఆదివారం ఆయనే దాని ఫొటో పంపారు. కింద ఏమీ రాయలేదు. పచ్చటి నీళ్ళలో స్తంభాల నీడలు. మనుషులెవరూ లేరు. బాగుంది అన్నాను.

ఇప్పుడు వేసవి సెలవులకు కొత్త దారి చూసుకుంటున్నాను. అనంతపురం మీదుగా, మదనపల్లె కొండలెక్కి దిగి, తిరుపతి దాకా. ఎండలకు రోజూ కొంచెం కొంచెమే తొక్కాలి గనక, దారిలో చాలా ఊళ్ళలో ఆగాలి, అన్నిసార్లు చేరాలి. ఏ ఊళ్ళో ఎక్కడ పడుకోవాలో ఇంకా తేల్చుకోలేదు.